ఇల్లు గీయటం నేర్పితే చాలునా?

బి.యస్సీ. చదివేవాడికి ఆర్కిటెక్చరు గొడవ ఎందుకని ఈ వ్యాసం చూసినవాళ్ళు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. నేను చదివేది కెమిస్ట్రీ. కాని నాతో ఒకే గదిలో ఉంటున్న మా మేనమామ కొడుకు బి.ఆర్క్. అయిదో సంవత్సరం చదువుతున్నాడు. రెండేళ్ళుగా మా గదిలో నేలంతా అట్టముక్కలు, జిగురు సీసాలు, సగం కట్టి వదిలేసిన బొమ్మరిళ్ళు. వాటి మధ్యనే నా రికార్డులు రాసుకుంటూ, అడక్కుండానే ఆ చదువు గురించి కొంత తెలుసుకున్నాను.

ఒకరోజు రాత్రి రెండు గంటలప్పుడు అట్టలు కోస్తూ కోస్తూ బ్లేడు పక్కన పెట్టి అన్నాడు. "ఒరేయ్, ఈ అయిదేళ్ళలో నేను ఎంతమందికి ప్లాన్లు గీశానో తెలుసా? ఆసుపత్రి గీశాను, బడి గీశాను, అపార్టుమెంట్లు గీశాను. అందులో ఒక్క మనిషి కూడా నిజంగా లేడు."

"నీ ప్రాక్టికల్ ట్రెయినింగులో ఉన్నారుగా బావా?" అన్నాను.

"అక్కడ బాత్‌రూముల్లో టైల్స్ ఎలా అంటించాలో గీశాను. ఆ ఇంటివాళ్ళని చూడనే లేదు. రేపు పట్టా చేతికొచ్చాక ఎవడో ఒకడు పిలిచి ఏది గీయమంటే అది గీస్తాను. అంతేగా?"

ఆ 'అంతేగా' అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే అది అతని ఒక్కడి మాట కాదు. నేను బి.యస్సీ.లో చేరింది కూడా సీటు వచ్చిందని, పక్కింటివాళ్ళ అబ్బాయి చేరాడని. ఇచ్చిన ప్రయోగం చేస్తాను, ఇచ్చిన రీడింగు రాగానే రాసుకుంటాను. తరవాత ఏమిటంటే నా దగ్గరా జవాబు లేదు. అందుకే ఆర్కిటెక్చరు విద్యార్థులకు తమ పనినీ బతుకునూ తామే తీర్చిదిద్దుకోవటం నేర్పినవాళ్ళు ఎక్కడన్నా ఉన్నారా అని వెతకటం మొదలు పెట్టాను. దొరికిన సంగతులే ఈ వ్యాసం.

చిక్కు ఎక్కడ ఉంది?

మన దేశంలో 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ దగ్గర పేరు నమోదు చేసుకున్నవాళ్ళే 'ఆర్కిటెక్టు' అని చెప్పుకోవాలి. అందుకు అయిదేళ్ళ చదువు కావాలి. అయితే 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఆ చట్టం కాపాడేది ఆ పేరును మాత్రమేననీ, ఆ పనిని ఇతరులు చెయ్యకుండా ఆపలేదనీ తేల్చి చెప్పింది. అంటే పట్టా వల్ల పేరు వస్తుంది గాని, పని దానంతట అది రాదు. మన ఊళ్ళలో సంగతి మనకు తెలిసిందే. ఇల్లు కట్టాలంటే ముందు పిలిచేది మేస్త్రిని. ఆ తరవాత వాస్తు చూసేవాణ్ణి. మా బావ ఆర్కిటెక్చరులో చేరాడని తెలిసిన రోజున మా వీధిలో పెద్దలు అతన్ని అడిగిన మొదటి ప్రశ్న "మా ఈశాన్యం సరిగ్గా ఉందా అబ్బాయీ?" అని!

ఇక ఆ చదువు జరిగే తీరు చూడండి. దానికి గుండెకాయ స్టూడియో. గురువు ఒక స్థలం ఇస్తాడు, కావలసిన గదుల జాబితా ఇస్తాడు, గడువు ఇస్తాడు. విద్యార్థి గీసి, నమూనా కట్టి, జ్యూరీ ముందు నిలబడి తన పనిని సమర్థించుకోవాలి. ఇది గొప్ప పద్ధతే. మా సైన్సువాళ్ళలాగా వల్లె వేసి గట్టెక్కటం అక్కడ కుదరదు. ఒకే ప్రశ్నకు నలభైమంది నలభై జవాబులు తేవాలి. కాని అందులో ఒక లోటు ఉంది. స్థలం ఎవరో ఇచ్చారు. అవసరం ఎవరో చెప్పారు. డబ్బు ప్రసక్తి దాదాపు రాదు. కట్టాక కురిసిందా కారిందా అనే బాధ అసలే లేదు. అంటే జవాబు చెప్పటం నేర్పుతున్నారు, ప్రశ్నను వెతుక్కోవటం నేర్పటం లేదు. అయిదేళ్ళు ఇచ్చిన పనే చేసినవాడు ఆరో ఏడు తన పనిని తాను ఎలా పుట్టించుకుంటాడు?

పొలాల మధ్య ఒక బడి

చిలీ దేశపు రాజధాని శాంతియాగోకు దక్షిణంగా సుమారు 250 కిలోమీటర్ల దూరాన తాల్కా అనే పట్టణం ఉంది. చుట్టూ ద్రాక్షతోటలు, పండ్లతోటలు. ఆ మౌలే ప్రాంతంలో వరి కూడా పండిస్తారు. అక్కడి విశ్వవిద్యాలయంలో 1999లో హువాన్ రోమన్ అనే ఆర్కిటెక్టు నాయకత్వాన ఒక ఆర్కిటెక్చరు స్కూలు మొదలయింది. చేరిన పిల్లల్లో చాలామంది ఆ లోయలోని పల్లెలవాళ్ళు, వ్యవసాయం మీద బతికే ఇళ్ళవాళ్ళు. రాజధానిలోలాగా డబ్బున్నవాళ్ళు ఇళ్ళు కట్టించుకోవటానికి ఆర్కిటెక్టుల కోసం ఎదురుచూసే చోటు కాదది. మరి ఈ పిల్లలు రేపు ఎవరికి పని చేస్తారు? ఈ ప్రశ్నను ఆ స్కూలు దాచిపెట్టలేదు. దానిచుట్టూనే చదువును అల్లింది.

మొదటి సంవత్సరంలో వాళ్ళిచ్చే ఒక పని నాకు భలే నచ్చింది. విద్యార్థి తన ప్రాంతంలో దొరికే పదార్థంతో ఒక ఘనం తయారు చెయ్యాలి. మట్టి కావచ్చు, కర్ర కావచ్చు, పంట నుంచి వచ్చినది కావచ్చు. అది ఎలా నిలబడుతుంది, ఎంత బరువు, ఎండితే ఏమవుతుంది, వెలుతురు ఎలా పడుతుంది అన్నవి చేతితోనే తెలుసుకోవాలి. చూడటానికి చిన్న పనే. కాని పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి అది చెప్పే మాట చిన్నది కాదు. 'నువ్వు ఉత్త చేతులతో రాలేదు, మీ ఊళ్ళో ఉన్నదే నీ మొదటి పాఠం' అని చెబుతుంది. మనమేమో పట్నం కాలేజీలో అడుగు పెట్టగానే మొదట చేసేది ఊరివాళ్ళమని తెలియకుండా జాగ్రత్త పడటం!

ఆగస్టు నెలలో, అంటే వాళ్ళకు చలికాలంలో, మామూలు తరగతులు పక్కన పెట్టి చిన్న తరగతులవాళ్ళూ పెద్ద తరగతులవాళ్ళూ జట్లుగా కలిసి ఆ ప్రాంతంలో నిజమైన చిన్న పనులు కడతారు. ఇక చివరి సంవత్సరం సంగతి మరీ గట్టిది. పట్టా కావాలంటే కాగితం మీద గీసి ఇస్తే సరిపోదు. ఏ పని చెయ్యాలో విద్యార్థే కనిపెట్టాలి. అది ఎవరికి కావాలో వాళ్ళను ఒప్పించాలి. డబ్బూ సామానూ తానే సమకూర్చుకోవాలి. తరవాత దాన్ని కట్టి చూపించాలి. కొండ మీద నిలబడి చూసే మంచెలు, నీడ పందిళ్ళు, బాటసారులు కూర్చునే తావులు ఇలా ఎన్నో లేచాయి. 2006లో పినోవాచో అనే కొండ ఊళ్ళో ఒక విద్యార్థి కట్టిన మంచె వీటిలో పేరు పొందింది. అడవి నరికినప్పుడు మిగిలిపోయిన కలపనే దానికి వాడుకున్నాడు. కలప కొట్టి బతికిన ఊరివాళ్ళకు, చూడవచ్చే యాత్రికుల మీద మరో బతుకుతెరువు కల్పించటం దాని ఉద్దేశ్యం.

2016లో వెనిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ వాస్తుకళా ప్రదర్శనలో చిలీ దేశం తన మంటపంలో పెద్ద పెద్ద ఆర్కిటెక్టుల మేడలు చూపలేదు. తాల్కా విద్యార్థులు పట్టా కోసం కట్టిన 15 పనులనే చూపింది. ఆ ప్రదర్శనకు పెట్టిన పేరుకు మన భాషలో 'ఏటికి ఎదురు' అని అర్థం చెప్పుకోవచ్చు.

పత్తి చేల దేశంలో

రెండో ఉదాహరణ అమెరికాలోని అలబామా రాష్ట్రం. అక్కడి హేల్ కౌంటీ ఒకప్పుడు పత్తి పండించిన నల్లరేగడి ప్రాంతం. 1936లో వాకర్ ఎవాన్స్ ఫొటోలు తీసిన పేద కౌలు రైతు కుటుంబాలు ఇక్కడివే. ఆ పేదరికం తరవాత కూడా పూర్తిగా పోలేదు. ఆబర్న్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే శామ్యూల్ మాక్బీ, డి.కె.రూత్ అనే ఇద్దరు 1993లో తమ విద్యార్థులను దాదాపు 240 కిలోమీటర్ల దూరంలోని ఈ చోటికి తీసుకొచ్చారు. దాని పేరు రూరల్ స్టూడియో. విద్యార్థులు అక్కడే కాపురముండి, అక్కడివాళ్ళతో మాట్లాడి, వాళ్ళకు కావలసింది గీసి తమ చేతులతో కట్టాలి.

మొదట కట్టినది 1994లో ఒక వృద్ధ దంపతుల ఇల్లు. గోడలు గడ్డిమోపులతో పేర్చి పైన పూత పూశారు. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉండటానికి అది ఉపాయం. దాని పక్కనే ఒక విద్యార్థి పగిలిన కాంక్రీటు ముక్కలు, రంగు సీసాలు పేర్చి ఒక చిన్న గది కట్టాడు. ఖర్చు సుమారు 140 డాలర్లు. 1995లో పాత టైర్లలో మట్టి కూరి ప్రార్థనామందిరం కట్టారు. 2000లో మేసన్స్ బెండ్ అనే పల్లెలో కట్టిన సామూహిక మందిరానికి పాత కార్ల ముందు అద్దాలు 80 తెచ్చి కప్పు వేశారు. మాక్బీ 2001 డిసెంబరులో చనిపోయారు. ఆ తరవాత ఆండ్రూ ఫ్రియర్ చేతుల మీదుగా ఆ పని సాగింది. ఇప్పటికి రెండువందలకు పైగా పనులు జరిగాయి.

నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైనదిగా తోచింది వాళ్ళు తమ పద్ధతిని తామే దిద్దుకోవటం. మొదట్లో ఒక్కో ఇల్లు ఒక్కో వింత. అందంగానే ఉండేది కాని, పక్కింటివాడు అలాంటిది కట్టుకోలేడు. 2005లో ప్రశ్న మార్చారు. పింఛను మీద బతికే మనిషి నెలనెలా తిరిగి కట్టగల అప్పు ఎంత? లెక్క వేస్తే సామానుకూ కూలికీ కలిపి ఇరవై వేల డాలర్లు తేలింది. ఆ డబ్బులో ఇల్లు ఎలా కట్టాలి అన్నదే ఏటేటా విద్యార్థుల పని అయింది. ధరలు పెరిగి తరవాత ఆ అంకె నిలవలేదు. ప్రశ్న మాత్రం నిలిచింది.

మన అరణ్య

ఇవన్నీ పై దేశాల ముచ్చట్లు అనుకోనక్కరలేదు. బాలకృష్ణ దోషి 1947లో బొంబాయి జె.జె. స్కూలులో చేరి, చదువు పూర్తికాకుండానే లండన్ వెళ్ళి, 1951 నుంచి పారిస్‌లో లె కార్బ్యూజియే దగ్గర పని నేర్చుకున్నారు. 1962లో అహ్మదాబాదులో ఆర్కిటెక్చరు స్కూలు స్థాపించారు. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన మొదటి భారతీయుడు ఆయన. 2023లో తన 95 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మన హైదరాబాదులో ఈసీఐఎల్ ఉద్యోగుల కాలనీకి రూపమిచ్చింది కూడా ఆయనే.

ఇక్కడ ఆయన పనులలో ఒకదాని గురించే చెబుతాను. ఇండోర్ దగ్గర 1980లలో అరణ్య అనే కాలనీ వేశారు. ఎక్కువమంది బీదవాళ్ళు. వాళ్ళకు పూర్తి ఇళ్ళు కట్టి తాళాలు ఇవ్వలేదు. స్థలం, అరుగు, నీటి కుళాయి, మరుగుదొడ్డి, స్తోమతను బట్టి ఒక గది ఇచ్చారు. ఎలా పెంచుకోవచ్చో చూపటానికి కొన్ని ఇళ్ళు మచ్చుకు కట్టి చూపారు. మిగిలినది ఎవరి సంపాదన కొద్దీ, ఎవరి సంసారం కొద్దీ వాళ్ళు కట్టుకున్నారు. కొందరు ముందు దుకాణం పెట్టుకున్నారు, కొందరు మేడ మీద గది వేసి అద్దెకిచ్చారు.

చదువు కూడా ఇలా ఉండాలని నాకనిపిస్తుంది. పునాది గట్టిగా వెయ్యాలి. నీరూ దారీ ఇవ్వాలి. లెక్కలూ బలాలూ చట్టాలూ మెటీరియల్సూ నేర్పకుండా 'నీ ఇష్టం వచ్చినట్టు బతుకు' అంటే అది స్వేచ్ఛ కాదు, గాలికి వదలటం. అలాగని గోడలన్నీ కట్టేసి, కప్పు వేసేసి, 'ఇదిగో నీ బతుకు, లోపలికి వెళ్ళి కూర్చో' అన్నా అది చదువు కాదు.

ఆక్షేపణలు లేకపోలేదు

మా బావతో ఈ సంగతులు చర్చించినప్పుడు అతను గుడ్డిగా ఒప్పుకోలేదు. అతని అభ్యంతరాలు మూడు. ఒకటి, బీదవాడి ఇల్లు మన పాఠానికి పలక అయిపోదా? ఉచితంగా కట్టిస్తామంటే బీదవాడు వద్దనగలడా? రెండు, కట్టేదాకా పట్టా లేదంటే, ఇంటి నుంచి డబ్బు వచ్చేవాడు నిలుస్తాడు, నెలకోసారి అప్పు తెచ్చుకునేవాడు ఏమవుతాడు? మూడు, మా దగ్గర ఒక్కో గురువుకి ఇంతమంది విద్యార్థులుంటే ఎవరి పని ఎవరు చూస్తారు?

మొదటిదానికి జవాబు రూరల్ స్టూడియో నడిచిన దారిలోనే ఉంది. వింతల నుంచి నెలవారీ అప్పు లెక్క దాకా రావటమంటే ఎదుటి మనిషిని పలకగా కాక ఖాతాదారుగా చూడటమే. రెండోదానికి, మూడోదానికి ఒకటే జవాబు తోస్తోంది. పని చిన్నదిగా పెట్టుకోవటం. ఇల్లే కట్టనక్కరలేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండేచోట పొగ పోయే దారి, రేషను షాపు ముందు ముసలివాళ్ళు కూర్చునే అరుగు, బస్సు ఆగేచోట నీడ. పది వేల రూపాయల పనైనా సరే మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి తన చేతుల మీదుగా జరిగితే, దానిలో అన్నీ ఉంటాయి. అడగటం, ఒప్పించటం, కాదనిపించుకోవటం, బేరమాడటం, తప్పు చేసి దిద్దుకోవటం. ఈ అయిదూ వచ్చినవాడికి ఉద్యోగం దొరికినా మంచిదే, దొరకకపోయినా దిక్కు తోచకుండా ఉండదు.

మా కళ్ళంలో పరీక్ష

చివరిగా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. మా బావకు ఈ ఏడు థీసిస్. మొదట విమానాశ్రయం అనుకున్నాడు. సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం మా ఊరు వెళ్ళాం. కళ్ళంలో మిరపకాయ ఆరబోసి ఉంది. ఓ సాయంత్రం మబ్బు పట్టి నాలుగు చినుకులు పడేసరికి ఇంటిల్లిపాదీ పరిగెత్తి పట్టలు కప్పాం. మళ్ళీ ఎండ రాగానే తీశాం. తడి తగిలిన కాయ తాలుగాయ అవుతుంది, ధర పడిపోతుంది. ఏడాది కష్టం ఒక్క వానతో పోయిన సంవత్సరాలు మా ఇంట్లో ఉన్నాయి.

ఆ రాత్రే మా బావ కళ్ళం మీద నీడకు ఒక బొమ్మ గీశాడు. వంపు తిరిగిన కప్పు, చాలా అందంగా ఉంది. పొద్దున్నే మా నాన్నకు చూపించాడు.

నాన్న కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుంది అల్లుడూ. కాని కప్పు కింద ఎండ తగలకపోతే కాయ ఆరదు, మగ్గిద్ది. వాన ఏ పక్క నుంచి కొట్టుద్దో చూశావా? దీనికి ఎంతవుద్ది? మిరప మూడు నాలుగు నెలలే, మిగతా రోజులు దీన్నేం చేస్తాం?"

మా బావ మాట్లాడలేదు. తరవాత నాతో అన్నాడు. "నాలుగున్నరేళ్ళుగా ఎన్నో జ్యూరీల్లో నిలబడ్డాను. ఈ నాలుగు ప్రశ్నలూ నన్నెవరూ అడగలేదురా."

ఆ మర్నాడు సైకిలేసుకుని పైపులు అమ్మే కొట్టుకు వెళ్ళి ధరలు కనుక్కొచ్చాడు. మళ్ళీ గీశాడు. ఈసారి వంపు లేదు. నాలుగు వరసల పైపులు, మధ్యలో తాడు లాగితే మూసుకునే పట్ట, ఎండ వస్తే తెరుచుకునేది. మిరప అయిపోయాక చుట్టూ దడి కడితే గడ్డివాముకీ ట్రాక్టరుకీ నీడ. నాన్న చూసి "ఇది మన కళ్ళంలోనే వెయ్యండి. పనికొస్తే నలుగురూ వేసుకుంటారు, పనికిరాకపోతే నష్టం నాకే" అన్నాడు. కాలేజీలో చూపిస్తే, థీసిస్‌కి ఇది చాలా చిన్నది అన్నారట. ఒక్క కళ్ళానికి కాక ఊరందరి కళ్ళాలకూ, మార్కెట్టు యార్డుకూ కలిపి పెద్దది చేసి మళ్ళీ తీసుకెళతానంటున్నాడు. ఒప్పుకుంటారో లేదో ఈ వ్యాసం రాసేనాటికి తెలియదు. కాని విమానాశ్రయం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇందులో నా వంతు ఒకటి ఉంది. మిరపకాయలో తేమ సుమారు పది శాతానికి దిగాలి. సరిగా ఆరకపోతే బూజు పట్టి ఆఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. పట్ట కింద ఆరిన కాయలో, ఉత్త ఎండలో ఆరిన కాయలో తేమ ఏ రోజుకెంత తగ్గుతుందో తూచి రాయమని మా బావ నన్నడిగాడు. ఎవరూ సిలబసులో ఇవ్వని ప్రయోగం నేను చెయ్యబోవటం ఇదే మొదటిసారి. జవాబు ఎంత రావాలో ముందే తెలిసిన ప్రయోగాలు మూడేళ్ళుగా చేసినవాణ్ణి కాబట్టి కొంచెం భయంగానే ఉంది. ఈ భయం మంచిదే అనుకుంటున్నాను.

విద్యార్థి మిత్రులారా! ఆర్కిటెక్చరు వాళ్ళకు వర్తించేది మనకు వర్తించదా? మన యూనియను ప్రతి ఏటా ఉత్సవాలకు పందిళ్ళు వేయిస్తుంది, తీయిస్తుంది. వచ్చే ఏడు ఒక్క పందిరి తీయకుండా ఉండేది వేద్దాం. మన సైకిల్ స్టాండుకు నీడ లేదు. దాన్ని గీసేవాళ్ళు, కొలిచేవాళ్ళు, చందా అడిగేవాళ్ళు, లెక్క రాసేవాళ్ళు అందరూ మనలోనే ఉన్నారు. కట్టటం వచ్చేది కట్టినప్పుడే. బతుకు దిద్దుకోవటం కూడా అంతే.